ఎమ్మెస్ ఇంజెక్షన్లు లంక ఊళ్ళల్లో ఎలా దాచుకుంటున్నారు? వరదలొచ్చే ముందే అడుగుతున్నా

లంక టీచరమ్మ

అందరికీ నమస్కారం అండి. మీ అందరివీ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. నాకు 33, ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, మాది గంటి పెదపూడి రేవు అవతల లంక, ఊరి పేరు చెప్పను లెండి చిన్న ఊరు అందరికీ అందరూ తెలుసు. పోయినేడు ఎడమ కన్ను మసకేసింది, కన్ను కదిపితే నొప్పి, జోడు మారిస్తే సరిపోద్దన్నారు, ఆ తర్వాత నడుం కింద నుంచి మొద్దుబారడం మొదలైతే అప్పుడు కాకినాడ వెళ్ళాం. ఎమ్మారై తీసి, వెన్ను నీరు తీసి టెస్ట్ చేసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చారు, అదే ఎమ్మెస్, ఒంట్లో రక్షణ వ్యవస్థే నరాల మీద పొరని దెబ్బతీసే జబ్బు. స్టెరాయిడ్ సెలైన్లు ఎక్కించాక చూపు చాలావరకు వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ ఎటాక్ రాకుండా గ్లాటిరామర్ అనే ఇంజెక్షన్ 40 మిల్లీగ్రాములు వారానికి మూడుసార్లు రాశారు, సోమ బుధ శుక్ర. పొడుచుకోవడం నర్సు గారు నేర్పించారు, దానికి నేను భయపడట్లేదు. నా బెంగంతా ఫ్రిజ్ గురించి. మా ఊళ్ళో గాలి గట్టిగా వీస్తే కరెంటు పోద్ది, ఒక్కోసారి మర్నాటిదాకా రాదు. వరదొస్తే పాయ మీద వేసిన గట్టు కొట్టుకుపోద్ది, ఇంక పడవే గతి. అలాంటప్పుడు మందు ఎలా కాపాడుకోవాలి? ఇంకోటి, ఇది ఎన్నాళ్ళు చేసుకోవాలి అని మా అత్తయ్య గారు రోజూ అడుగుతున్నారు, నా దగ్గర జవాబు లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి దయచేసి.

పాలకొల్లు పిన్ని

అమ్మాయ్, ముందు భోజనం చేసి పడుకో, రాత్రి పన్నెండింటికి పెట్టావ్ ఈ పోస్టు. నిద్ర లేకపోతే మన జబ్బులో కాళ్ళు ఇంకా తేలిపోతాయి.

నాకు ఇప్పుడు 52. ముందు చాలా ఏళ్ళు ఇంటర్ఫెరాన్ అని ఈ జబ్బుకే ఇచ్చే ఇంకో ఇంజెక్షన్ చేసుకున్నా, తర్వాత లివర్ రిపోర్టు తేడా వస్తే డాక్టరు గారు నువ్వు చెప్పిన మందుకే మార్చారు. పొద్దున్న ఇడ్లీ పిండి తీయడానికి ఫ్రిజ్ తలుపు తీసినప్పుడే మందు డబ్బా కూడా తీసి పక్కన పెడతా, అరగంటలో చల్లదనం పోద్ది, అప్పుడు చేసుకుంటే మంట తక్కువ. నేరుగా ఫ్రిజ్ లోంచి తీసి పొడుచుకుంటే ఆ మంట సాయంత్రం దాకా ఉంటాది. వేడినీళ్ళలో పెట్టి వెచ్చచేయడం లాంటివి మాత్రం ఎప్పుడూ వద్దు.

చోటు మారుస్తూ ఉండాలి, ఇది మాత్రం అశ్రద్ధ చేయకు. పొట్ట మీద బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలేయ్, తొడలు, పిర్ర పైభాగం, జబ్బ వెనక. జబ్బ వెనక మనకి అందదు, ఇంట్లో వాళ్ళెవరైనా నేర్చుకుంటే మంచిది. ఒకచోటే మళ్ళీ మళ్ళీ పొడిస్తే లోపల కొవ్వు కరిగి గుంటలు పడతాయి, అవి మళ్ళీ పూడవు. నాకు కుడి తొడ మీద రూపాయి బిళ్ళంత గుంట ఉంది, చీర కట్టుకుంటాం కాబట్టి ఎవరికీ కనపడదు గానీ చేత్తో తడిమితే తెలుస్తాది. వంటింట్లో గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ గళ్ళో పొ కు, తొ ఎ అని రాసుకుంటా, పొట్ట కుడి, తొడ ఎడమ అన్నమాట. మా ఇంటికొచ్చినవాళ్ళు చాకలి పద్దు అనుకుంటారు, అనుకోనీ.

ఎన్నాళ్ళు అన్నదానికి, మీ అత్తయ్య గారికి బీపీ బిళ్ళ ఎన్నాళ్ళు వేసుకుంటున్నారో అడుగు. ఇదీ అంతే అని నెమ్మదిగా చెప్పు. ఆవిడది కోపం కాదమ్మా, భయం.

తణుకు మందుల షాపు

టీచర్ గారూ, నాది మెడికల్ షాపు, మా బావమరిది కూతురికి ఇదే జబ్బు కాబట్టి ఈ మందుల సంగతి కొంచెం దగ్గరగా చూశాను. గ్లాటిరామర్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కుదరనప్పుడు 15 నుంచి 30 డిగ్రీల దాకా బయట ఒక నెల వరకూ ఉంచొచ్చని ప్యాకెట్ లో కాగితం మీదే ఉంటది. ఇది చదివి చాలామంది బయట పెట్టినా పర్లేదంట కదా అంటారు. అక్కడ రాసిన బయట 30 డిగ్రీల లోపు అండి. మన దగ్గర మే నెలలో రేకుల షెడ్డులో 42 ఉంటది, పెంకుటింట్లో కూడా మధ్యాహ్నం 35 కి తగ్గదు. అంచేత ఆ ఒక నెల వెసులుబాటు మనకి కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పనికొస్తది, వేసవిలో లెక్కలోకి తీసుకోకండి. అలాగని కరెంటు ఒక పూట పోయిందని కంగారు పడి మందు పారేయక్కర్లేదు కూడా. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే లోపల చల్లదనం కొన్ని గంటలు నిలబడతది.

అన్నిటికంటే ముఖ్యం, గడ్డకట్టిన మందు వాడకూడదు, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా సరే. డీప్ ఫ్రీజర్ లో వద్దు, దాని కిందనే ఉండే అర మీద వద్దు, వెనక గోడకి ఆనించి వద్దు. మధ్య అరలో, డబ్బాతో సహా, వెలుతురు తగలకుండా పెట్టండి.

ఇంకోమాట, ఇంటర్ఫెరాన్ వాడేవాళ్ళు ఈ లెక్కలు మీకూ వర్తిస్తాయనుకోకండి. కండలోకి వారానికోసారి చేసుకునే బీటా 1ఎ అయితే బయట 25 డిగ్రీల లోపు 7 రోజులే. ఏ మందు కాగితం ఆ మందుదే.

భీమవరం చెరువులు

మా ఆవిడకి ఎమ్మెస్సండి, ఇంటర్ఫెరానే. మాది వనామీ సాగు కాబట్టి ఐసు గురించి నాకు బాగా తెల్సు ఆయ్. రొయ్య ఎత్తినప్పుడు వాడే తెర్మోకోల్ పెట్టెలు ఉంటాయి కదా కొత్తది ఒకటి తెచ్చుకోండి, వాసన లేనిది, గోడ మందంగా ఉన్నది. ఐసు ఫ్యాక్టరీ ఐసు ముక్కలు మాత్రం మందుకి నేరుగా తగలనివ్వకండి, అది రొయ్యకి పనికొస్తాది గానీ సిరంజి గడ్డకట్టేత్తాది. మేం ఏం చేత్తామంటే అడుగున ఐసు బాటిళ్ళు, దాని మీద మందపాటి తువ్వాలు రెండు మడతలు, దాని మీద స్టీలు క్యారేజీ గిన్నె, గిన్నెలో మందు. మూత చుట్టూ ప్లాస్టర్. పక్కన డిజిటల్ థర్మామీటర్, వైరు చివర గిన్నెలో, డిస్ప్లే బయట, ఆన్లైన్ లో రెండు మూడొందలకే దొరుకుద్ది. మూత తీయకుండా చూసుకోవచ్చు. 2 కి దగ్గరపడితే ఒక బాటిల్ తీసేయడం, 8 దాటితే వేయడం. మా ఆవిడ నన్ను చెరువు దగ్గర ఆక్సిజన్ మీటరు చూసినట్టే చూత్తారంటది.

ఒకసారి మాకు మందు పంపే ఏజెన్సీ వాళ్ళు డ్రై ఐస్ పక్కనే పెట్టి పంపారు, పెట్టె విప్పితే సిరంజిలో మంచు పలుకులు. తిరిగి తీసుకోం అన్నారు. ఫోన్లో ఫొటోలు, పెట్టె విప్పినప్పటి వీడియో ఉండబట్టి చివరికి మార్చారు. అప్పట్నుంచి ప్రతి పార్సిలూ వీడియో తీత్తూనే విప్పుతాం. మీరూ అలా చేయండి, ఆ సొమ్ము ఊరికే రాదు కదండి.

కోనసీమ గాలి

కొత్త కుండలో తడి గుడ్డ చుట్టి పెడితే చల్లగా ఉంటది కదా, మా నాన్నగారు ఇన్సులిన్ అలాగే దాచేవారు. కరెంటుతో పనిలేదు.

తణుకు మందుల షాపు

రాయలసీమలోనో తెలంగాణలోనో అయితే ఆ మాట బాగానే పనిచేస్తదండి. కుండ చల్లబడేది నీరు ఆవిరైతేనే. మన దగ్గర గాల్లోనే తేమ ఎక్కువ, వానాకాలం అయితే ఇంకా ఎక్కువ, ఆవిరి అవ్వదు కాబట్టి కుండ లోపల బయటకంటే నాలుగైదు డిగ్రీలు తగ్గితే గొప్ప. ఏమీ లేనిచోట ఒక పూట ఎండ వేడి నుంచి కాపాడ్డానికి సరే, ఫ్రిజ్ కి బదులుగా మాత్రం కాదు.

యానాం కుర్రోడు

నేను వేరే విషయం అడుగుతా, తిట్టకండి. నాకు 26. వారానికోసారి ఇంటర్ఫెరాన్, శనివారం రాత్రి చేసుకుంటా, ఆదివారం మొత్తం చలి వణుకు ఒళ్ళునొప్పులు, దుప్పటి కప్పుకుని పడుకోవడమే, ఫ్రెండ్స్ అందరూ క్రికెట్ కి పోతే నేను మంచం మీద. మొదట్లో కాలు ఈడ్చేవాడిని, ఇప్పుడు బానే నడుస్తున్నా, పరిగెడుతున్నా కూడా. బానే ఉన్నప్పుడు ఈ మందెందుకు? మందు వేసుకున్న మర్నాడే నేను రోగిష్టోడిలా ఉంటున్నా, మిగతా ఆరు రోజులు మామూలుగా ఉంటున్నా. ఆపేద్దాం అనుకుంటున్నా. అమ్మకి ఇంకా చెప్పలేదు.

పాలకొల్లు పిన్ని

నాన్నా, తిట్టను. నువ్వు చెప్పిన ఆదివారాలు నేనూ చూశాను. కానీ ఈ మందు కాలు బాగుచేయడానికి ఇచ్చింది కాదు, కాలు దానంతటది సర్దుకుంది. ఇది ఇంకోసారి దెబ్బ తగలకుండా, తగిలినా తక్కువ తగిలేలా ఇచ్చింది. అందుకే ఇది పనిచేస్తుందని ఒంటికి తెలీదు. పనిచేసినప్పుడు ఏమీ జరగదు, అంతే. నీరసం, నొప్పి, సొమ్ము మాత్రం కళ్ళెదుట కనపడతాయి. ఈ మందులతో ఉన్న అసలు కష్టం ఇదే అని నేను అనుకుంటా, సూది కాదు.

పైగా మనకి బయటికి ఏమీ తెలీకుండా ఎమ్మారైలో కొత్త మచ్చలు పడుతుంటాయి. అందుకే బానే ఉన్నా స్కాన్ తీస్తారు.

భీమవరం చెరువులు

తమ్ముడూ చెరువులో ఏరియేటర్ తిప్పేది రొయ్య పైకి తేలాక కాదు కదా. రాత్రంతా తిప్పుతాం, కరెంటు బిల్లు కడతాం, పొద్దున్నకి ఏమీ అవ్వలేదు కాబట్టి దండగ అంటామా. మా ఆవిడ కూడా నీలాగే మధ్యలో ఆపేత్తానంది, డాక్టరు గారితో మాట్టాడితే వేరే దారి చూపించారు. ఆపడం వేరు, మార్చుకోవడం వేరు.

తణుకు మందుల షాపు

బాబూ, ముందు కొన్ని పనులు చేసి చూడు. డాక్టరు గారికి చెప్పి, ఇంజెక్షన్ కి ముందూ తర్వాతా పారాసిటమాల్ ఎంత, ఎప్పుడు అని రాయించుకో, చాలామంది ఇది సరిగ్గా వాడక బాధపడతారు. రోజంతా నీళ్ళు బాగా తాగు. శనివారమే ఎందుకు, నీ ఆటలు ఆదివారం అయితే మంగళవారం రాత్రికి మార్చుకోవచ్చేమో అడుగు, రాత్రి పడుకునే ముందు చేసుకుంటే వణుకు చాలావరకు నిద్రలో పోద్ది. కొంతమందికి కొన్ని నెలల్లో ఈ బాధ తగ్గుద్ది, నీకు తగ్గట్లేదంటే డాక్టరుకి తెలియాలి. లివర్ టెస్ట్, రక్తకణాల టెస్ట్, థైరాయిడ్ ఎప్పుడు చేయించావో కూడా చూసుకో. ఇంకా దిగులుగా ఉంటుంటే అది కూడా దాచకుండా చెప్పు, ఇంటర్ఫెరాన్ వాడేవాళ్ళల్లో మనసు కుంగడం ఉంటది, డాక్టర్లు దాన్ని సీరియస్ గానే తీసుకుంటారు.

ఇప్పుడు బిళ్ళలు కూడా ఉన్నాయి, డైమిథైల్ ఫ్యూమరేట్, టెరిఫ్లునోమైడ్ లాంటివి మన దేశంలోనే తయారవుతున్నాయి. వాటికీ వాటి టెస్టులు, వాటి జాగ్రత్తలు ఉంటాయి. నీకు ఏది సరిపోద్దో స్కాన్ చూసినవాళ్ళు చెప్పాలి, నేను కాదు.

యానాం కుర్రోడు

మంగళవారం రాత్రి ఆలోచనే రాలేదండి ఇన్నాళ్ళూ. సరే ఈ వారం చేసుకుంటా, అపాయింట్మెంట్ తీసుకుని అడుగుతా. అమ్మకి కూడా ఇవాళే చెప్తా.

రిటైర్డ్ సైన్సు మాస్టారు

మా అమ్మాయికీ ఎమ్మెస్సే, రిటుక్సిమాబ్ అనే మందు ఆరు నెలలకోసారి విశాఖలో సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. కాబట్టి ఇంట్లో సూది గొడవ మాకు లేదు, కానీ ఎక్కించే ముందు హెపటైటిస్ బి టెస్టు, టీకాలు, ఇన్ఫెక్షన్ల భయం, అవి మాకున్నాయి.

టీచరమ్మా, నువ్వు సాటి ఉపాధ్యాయినివి కాబట్టి ఒక సంగతి చెప్తా. నువ్వు వాడే గ్లాటిరామర్ ని ఇజ్రాయెల్ లో వైజ్మాన్ ఇన్స్టిట్యూట్ వాళ్ళు 1960ల్లో తయారుచేశారు. మైఖేల్ సేలా, రూత్ ఆర్నన్, ద్వోరా టైటెల్బామ్ అని ముగ్గురు. నరం మీద పొరని పోలిన పదార్థం నాలుగు అమైనో ఆమ్లాలతో చేసి, దానితో జంతువుల్లో ఈ జబ్బులాంటిది తెప్పించి చదవాలనుకున్నారు. జబ్బు రాలేదు సరికదా, వచ్చే జబ్బు కూడా ఆగింది. అక్కణ్ణుంచి అమెరికాలో మందుగా అనుమతి రావడానికి 1996 అయింది. మన హైదరాబాద్ నాట్కో వాళ్ళు దాని జెనెరిక్ చేస్తే, వాళ్ళ భాగస్వామి మైలాన్ ద్వారా 2017లో అమెరికాలో కూడా అనుమతి దొరికింది. మన పక్కన తయారైన మందు అమెరికా వాళ్ళు పొడుచుకుంటున్నారు. నాకైతే అది తలుచుకుంటే ధైర్యంగా ఉంటుంది.

ఇక వరద సంగతి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. అయితే నువ్వు ధవళేశ్వరం కోసం ఆగకు, భద్రాచలం చూడు. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే ఆ నీళ్ళు మన దాకా రావడానికి ఇంకా టైముంటుంది, గట్టు మీద బండి తిరుగుతున్నప్పుడే నెల మందు తీసుకుని పి.గన్నవరంలోనో అమలాపురంలోనో చుట్టాలింట్లో పెట్టేసుకో. 2022 జులైలో భద్రాచలం 71 అడుగులు దాటింది, ధవళేశ్వరంలో 25 లక్షలు దాటింది, లంకల్లో వాళ్ళు డాబాల మీద కూర్చున్నారు. అలాంటప్పుడు పడవలో మందు తెచ్చుకోవడం కంటే మనిషే ముందు ఇవతలికి రావడం మేలు. మందూ మనిషీ ఒకేచోట ఉండాలి.

లంక టీచరమ్మ

మాస్టారూ మీ మాట మా ఇంట్లో చదివి వినిపించాను. మా ఆయన అమలాపురంలో మా పెద్దాడపడుచు గారింట్లో ఫ్రిజ్ లో ఒక అర ఖాళీ చేయిస్తానన్నారు. ఆవిడకి జబ్బు సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు, ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది, చెప్తే ఆవిడ ఏడ్చి, ఇన్నాళ్ళూ ఎందుకు దాచారని మా ఆయన్ని చీవాట్లు పెట్టి, పచ్చళ్ళ సీసాలన్నీ కింద అరకి మార్చేశారంట.

ఇంకో డౌట్ అండి. మొన్న బుధవారం చేసుకున్న వెంటనే మొహం ఎర్రగా అయిపోయి, గుండె దడ, ఛాతీ పట్టేసినట్టు అయింది. కాసేపటికి దానంతటదే తగ్గింది. ఇది మామూలేనా?

తణుకు మందుల షాపు

గ్లాటిరామర్ తో కొంతమందికి అలా అవుద్ది, మామూలుగా 15 నిమిషాల్లో తగ్గిపోద్ది. కానీ మీ డాక్టరు గారికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి, తర్వాత డోసు చేసుకునే ముందే. ఎందుకంటే అరుదుగా ఈ మందుకి ప్రాణం మీదకొచ్చే ఎలర్జీ కూడా రావచ్చని 2025 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టింది, మొదటి డోసుకైనా రావచ్చు, ఏళ్ళ తర్వాతైనా రావచ్చు. మొదట్లో రెండూ ఒకేలా ఉంటాయి. తగ్గకుండా పెరుగుతున్నా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదాలు నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగి పడిపోతున్నా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. మీ లంకకి అంబులెన్స్ రావడానికి ఎంతసేపు పడుద్దో ముందే డాక్టరు గారికి చెప్పండి, దాన్నిబట్టి ఆయన చెప్పేది మారొచ్చు. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు చేసుకోకండి.

కోనసీమ గాలి

మా బంధువుల్లో ఒకాయన ఏదో ఆకు పసరు తాగి నరాల జబ్బు మొత్తం పోగొట్టుకున్నాడు, ఇంజెక్షన్లు అన్నీ మానేశాడు. కావాలంటే అడ్రస్ ఇస్తా.

పాలకొల్లు పిన్ని

బాబూ నీ మంచి మనసు అర్థమైంది, అడ్రస్ వద్దు. ఈ జబ్బులో వచ్చిన తిమ్మిరి చాలాసార్లు దానంతటదే తగ్గుద్ది, అప్పుడు నోట్లో ఏముంటే దానికి పేరొస్తాది. పైగా ఆ పసర్లు లివర్ మీద పడితే మా మందులతో కలిసి ఇంకా చేటు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ చదువుతుంటారు, వాళ్ళకోసం చెప్తున్నా.

భీమవరం చెరువులు

ఎండ గురించి ఎవరూ రాయలేదు. రోహిణి కార్తెలో మా ఆవిడకి పొయ్యి దగ్గర నిలబడితే కన్ను మసక, కాళ్ళు చచ్చుబడిపోతాయి. మొదట్లో మళ్ళీ ఎటాక్ వచ్చిందని రాజమండ్రి పరిగెత్తేవాళ్ళం. డాక్టరు గారు ఏమన్నారంటే వేడికి పాత దెబ్బలే బయటపడతాయి, ఒళ్ళు చల్లబడితే పోతాయి, అది కొత్త ఎటాక్ కాదు. కొత్త లక్షణం 24 గంటలు దాటి ఉంటే, జొరం గానీ మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ లేకపోతే, అప్పుడు రండి అన్నారు. ఇప్పుడు వంట పొద్దున్నే ఆరింటికి అయిపోద్ది, మధ్యాహ్నం నేనే చూసుకుంటా. తడి తువ్వాలు మెడ మీద వేత్తే ఆవిడకి పావుగంటలో చూపు సర్దుకుంటాది.

రిటైర్డ్ సైన్సు మాస్టారు

ఖర్చు గురించి చాలామంది మొహమాటపడి అడగరు, నేనే చెప్తా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు పెట్టి మరీ చేర్చారు. గ్రామ సచివాలయంలో సదరం, అంటే వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకి స్లాట్ బుక్ చేసుకోండి. వైకల్యం 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 6,000 పింఛనుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా అమ్మాయి క్యాంపుకి వెళ్ళినరోజు బాగా నడిచింది, వాళ్ళు తక్కువ శాతం వేస్తామన్నారు. బాగున్న రోజు బాగుంటుంది, బాలేని రోజు మంచం దిగలేదు అని డాక్టరు రాసిన కాగితం, ఎమ్మారై రిపోర్టులు, ఆస్పత్రిలో చేరిన కాగితాలు తేదీల వారీగా ఫైలు కట్టి తీసుకెళ్తేనే విన్నారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్ లో శాఖ ఉంది, వాళ్ళని కూడా అడగండి.

లంక టీచరమ్మ

డాక్టరు గారితో మాట్లాడాను అండి. వచ్చే రెండు వారాలు పి.గన్నవరం ఆస్పత్రిలోనే కూర్చుని చేసుకోమన్నారు, ఆ తర్వాత చూద్దామన్నారు. తెర్మోకోల్ పెట్టె మా ఆయన తెచ్చారు, థర్మామీటర్ ఆర్డర్ పెట్టాం. వాడేసిన సిరంజిలు ఏం చేయాలి? చెత్తబండి అమ్మాయి ఉత్త చేతుల్తో ఏరుద్ది, ఆ పిల్లకి గుచ్చుకుంటుందేమో అని అన్నీ సంచిలో దాచి ఉంచాను.

తణుకు మందుల షాపు

సంచి వద్దండి, గుచ్చుకుంటది. ఫినాయిల్ డబ్బాలాంటి గట్టి ప్లాస్టిక్ డబ్బా, మూత మర ఉన్నది తీసుకోండి. సూదికి క్యాప్ మళ్ళీ పెట్టబోకండి, అప్పుడే గుచ్చుకునేది ఎక్కువ, అలాగే డబ్బాలో వేసేయండి. ముప్పావు నిండాక మూత బిగించి టేపు చుట్టి, సూదులు అని పెద్దగా రాసి, ఎలాగూ ఆస్పత్రికి వెళ్తున్నారు కదా, అక్కడ నర్సు గారిని అడిగి వాళ్ళ సూదుల డబ్బాలో వేయించండి. సంచిలో ఉన్నవి చేత్తో తీయకండి, పట్టకారుతో వేయండి.

యానాం కుర్రోడు

మంగళవారం రాత్రి చేసుకున్నా. బుధవారం ఆఫీసుకి వెళ్ళా, మధ్యాహ్నం కాస్త ఒళ్ళునొప్పులు, అంతే. అమ్మ పక్కనే కూర్చుంది, ఇకనుంచి క్యాలెండర్ మీద తనే రాస్తానంది. పిన్ని గారూ, కండలోకి చేసుకునేవాళ్ళు తొడ మీద ఏ పక్క అని ఎలా రాసుకోవాలి, మీలాగే తొ ఎ తొ కు అంటే సరిపోద్దా?

పాలకొల్లు పిన్ని

సరిపోద్ది నాన్నా. కింద టైము కూడా రాయించు.